గాజుతొట్టిలో కొండగెడ్డ

ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి కనుమదారిని ఎక్కి అరకులోయకు పోయేవారికి మలుపు మలుపునా ఒక గెడ్డ ఎదురవుతుంది. వర్షాకాలంలో అది రాళ్లమీద నుండి ఉరకలు వేస్తూ క్రిందికి దూకుతుంది. వేసవిలో మడుగులు మడుగులుగా విడిపోయి, అడుగున ఉన్న ప్రతి గులకరాయినీ చూపుతూ నిశ్చలంగా నిలుస్తుంది. అట్టి మడుగు ప్రక్కన ఒక్క గడియసేపు కూర్చున్నవానికి ఇల్లు చేరిన తరువాత కూడా ఆ దృశ్యం మరపునకు రాదు. ఇంట గాజుతొట్టిలో చేపలను పెంచే అలవాటున్నవాడైతే, ఆ గెడ్డలో ఒక చిన్న ముక్కను తన తొట్టిలోకి తెచ్చుకోవాలని మనసు పడతాడు. నేనూ అట్లే మనసు పడ్డాను.

కొన్ని సంవత్సరాల క్రితం థింసా పాటల ధ్వనిముద్రణ పనిమీద అరకు ప్రాంతానికి వెళ్లిన సందర్భంలో, తిరుగు ప్రయాణాన బాట ప్రక్కన పడి ఉన్న వంకర ఎండుకొమ్మనొకదానిని, నాలుగైదు తెల్లని రాళ్లను సంచిలో వేసుకుని వచ్చాను. ఇంటికి చేరిన తరువాత సిమెంటు, ఇసుక కలిపి, బొర్రా బిలాన్ని తలపించేటట్లు ఒక చిన్న గుహను కూడా తయారుచేశాను. రెండు రోజులు ఎండనిచ్చి, మూడింటినీ తొట్టిలో అమర్చాను. చూడవచ్చినవారందరూ మెచ్చుకున్నారు. చేపలు మాత్రం మెచ్చుకోలేదు. మరునాటి ఉదయానికి అవన్నీ నీటి పైభాగాన చేరి, నోళ్లు తెరచుకుని, గాలి కోసం తారాడుతున్నాయి. సాయంకాలానికి నాలుగు చేపలు వెల్లకిల పడ్డాయి.

దోషి ఎవరు? రాయా, సిమెంటు గుహా, కొమ్మా? మూడూ సహజంగా కనబడినవే. ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పోగా, చేపలతొట్టి చరిత్రా మన తూర్పు కనుమల చరిత్రా ఒకచోట కలుస్తున్నవని తెలిసివచ్చింది. ఆ సంగతినే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదట రాతి విషయం చూద్దాము. అరకులోయకు పోయేవారు బొర్రా గుహలను చూడక మానరు. 'బొర్ర' అంటే ఆ కొండల మాటలో బిలమని చెబుతారు. ఒక ఆవు గుహ పైకప్పులోని రంధ్రం గుండా లోపలికి పడిపోగా, దానిని వెదకుతూ దిగిన పశువుల కాపరి లోపల శివలింగాకారంలో ఉన్న శిలను చూచినాడని స్థానికుల కథ. అక్కడ ప్రవహించే నది పేరు గోస్థని. అది కొండలు దిగి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.

కథ ఎట్లున్నా, ఆ గుహను తొలిచినది నీరే. వాన నీరు నేలలోని కుళ్లిన ఆకుల మధ్య నుండి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకుని, స్వల్పంగా పులుపెక్కుతుంది. అట్టి నీటికి సున్నపురాయిని కరిగించే శక్తి వస్తుంది. వేల యేండ్లు ఈ విధంగా కరగి కరగి కొండలో బిలం ఏర్పడింది. కరిగిన సున్నంతో బరువెక్కిన నీటిబొట్టు గుహ పైకప్పు నుండి వ్రేలాడినప్పుడు, అందులోని వాయువు గాలిలోకి వెళ్లిపోతుంది. అప్పుడు సున్నం మరల రాయిగా పేరుకుంటుంది. పైనుండి దిగే ఊడలు, క్రింది నుండి లేచే స్తంభాలు అట్లు పుట్టినవే. వాటిలో ఒక అంగుళం పెరగడానికి వందల సంవత్సరాలు పట్టవచ్చును. కనుక అందులోని చిన్న పెచ్చునైనా విరిచి ఇంటికి తెచ్చుకొనదలచడం తగని పని. అది మన జీవితకాలంలో మరల మొలవదు.

గుహలో జరిగిన ఈ పనియే చేపలతొట్టిలోనూ జరుగుతుంది. చేపలు ఊపిరి విడుస్తాయి. నీటిలో ఆ వాయువు కలుస్తుంది. తొట్టిలో సున్నపురాయి ఉంటే కొద్దికొద్దిగా కరగి నీటిని కఠినం చేస్తుంది. దీనిని విషమనవచ్చునా? ఇక్కడ మనం కొండలను విడచి, ఒక్కసారి లండను నగరానికి వెళ్లవలసి ఉన్నది.

జీవులను గాజుతొట్టిలో ఉంచి పరిశీలించడం 1832లో సిసిలీ ద్వీపంలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే విదుషీమణి సముద్రజీవుల పరిశోధన కోసం ప్రారంభించింది. అయితే మాటిమాటికీ నీరు మార్చనవసరం లేకుండా మొక్కా చేపా పరస్పరం పోషించుకునే తొట్టిని నిలబెట్టి, దాని సూత్రాన్ని లోకానికి వివరించినవాడు రాబర్ట్ వారింగ్టన్. ఆయన లండనులో ఔషధ వర్తకుల సంఘానికి చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1850లో అక్కడి రసాయన శాస్త్ర సంఘానికి తన ప్రయోగాన్ని నివేదించాడు. 12 గ్యాలన్లు పట్టే గాజుపాత్ర, రెండు చిన్న బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటిమొక్క. ఇంతే ఆయన సామగ్రి. మొక్క ఆకులు కుళ్లి నీరు మురికి కాసాగినప్పుడు కొన్ని చెరువు నత్తలను వదిలాడు. నత్తలు కుళ్లును తిన్నవి, మొక్క ప్రాణవాయువు నిచ్చింది, చేపలు బ్రతికాయి.

ఆ పాత్ర అడుగున ఇసుక, బురదతో పాటు ఆయన కొన్ని రాళ్లు కూడా పేర్చాడు. అందులో ఇసుకరాయితో బాటు మాట్లాక్ ప్రాంతం నుండి తెచ్చిన గుల్ల సున్నపురాయి ఉన్నది. మాట్లాక్ డెర్బీషైర్ సీమలోని సున్నపురాతి కొండల ఊరు. అక్కడా నీరు సున్నాన్ని కరిగించి మరల పేర్చుతుంది. మన బొర్రా వంటిదే ఆ నేల స్వభావం. చేపలు ఎప్పుడు కోరితే అప్పుడు క్రిందికి దూరి దాగుకొనుటకు వీలుగా రాళ్లను పేర్చినట్లు వారింగ్టన్ వ్రాశాడు. అలంకారమనే మాట ఆయన ఎత్తలేదు. ఆధునిక చేపలతొట్టిలో తొలి రాళ్లగూడు చూచేవాని కంటికోసం కాక, చేప ప్రాణంకోసం పుట్టింది. తరువాతి చరిత్ర అంతా ఈ మొదటి మాటను మరచిపోవడం, మరల జ్ఞాపకం చేసుకోవడం.

మరచిపోవడానికి ఎంతో కాలం పట్టలేదు. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజలకోసం చేపల మందిరం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన 'ది అక్వేరియం' అనే గ్రంథం వెలువడి, ఆ పేరును ఇంటింటి మాటగా చేసింది. అంతకు ముందే 1845లో గాజుమీద పన్ను రద్దయి, గాజు చౌక అయింది. ఇక మధ్యతరగతి ఇండ్లన్నిటా తొట్లు వెలిశాయి. గవ్వలతో కట్టిన మేడలు, పగిలిన కోటలు, కమాను ద్వారాలు వాటిలో లేచాయి. ఇనుప చట్రంలో గాజును బిగించడానికి వాడిన లక్కలో సీసపు భస్మాలు కలిసేవి. కొత్త తొట్టిలో చేపలు ఎందుకు చస్తున్నవో తెలియక ఎంతోమంది విసిగి మానుకున్నారు. కొత్త తొట్టిని వారాల తరబడి నీటితో నింపి, ఆ నీటిని పారబోస్తూ ఉండవలెనని ఆనాటి చేపుస్తకాలు హెచ్చరించవలసి వచ్చింది.

మన దేశంలో ప్రజలకోసం ఏర్పడిన మొట్టమొదటి చేపల ప్రదర్శనశాల చెన్నపట్టణంలో, మెరీనా తీరాన, 1909లో తెరువబడింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దానికి మూలపురుషుడు. అదే 1909లో, కె. రంగాచారి తోడ్పాటుతో ఆయన సిద్ధం చేసిన దక్షిణదేశపు కులాల, తెగల వివరణ గ్రంథం ఏడు సంపుటాలుగా వెలువడింది. బగత, ఖోండు, పోర్జ మొదలైన మన కొండజాతుల ప్రస్తావన అందులో ఉన్నది. చేపలను గాజు వెనుకనూ, కొండవారిని పుస్తకపు పుటలలోనూ చూపించిన ఆ ఉద్యోగి చేతిమీదుగా ఈ రెండు విషయాలూ ఒకే యేట వెలుగు చూచాయి. కాని ఈ రెంటికీ గల అసలు సంబంధం మరొకటి ఉన్నది. దానిని కొమ్మ దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను.

సున్నపురాయి విషం కాదని వారింగ్టన్ బంగారు చేపలే సాక్ష్యం. గప్పీలు, మోలీలు, బంగారు చేపలు కఠిన జలాన్ని సహిస్తాయి. మెత్తని నీటికి అలవాటుపడిన జాతులకు మాత్రం అది క్రమంగా ఇబ్బంది కలిగిస్తుంది. సముద్రపు గవ్వలూ పగడపు ముక్కలూ సున్నమే గనుక వాటికీ ఇదే న్యాయం. బొర్రా కొండలో కరిగిన సున్నంలో కొంత గోస్థని వెంట భీమునిపట్నం చేరుతుంది. సముద్రజీవులు అట్టి సున్నాన్నే నీటి నుండి గ్రహించి గుల్లలు కట్టుకుంటాయి. గుహలోని స్తంభమూ ఒడ్డున పిల్లలు ఏరుకునే గవ్వా ఒక విధంగా దాయాదులే. ఏదైనా రాయిలో సున్నమున్నదో లేదో తెలుసుకోవడానికి దానిని కొంచెం గీకి, ఆ పొడిమీద నిమ్మరసమో వినిగారో చుక్కలుగా వేస్తే చాలును. నురుగు పొంగితే అది సున్నపురాయి. నేను తెచ్చిన తెల్లరాళ్లు నురుగు పొంగలేదు. అవి వట్టి పలుగురాళ్లు. కనుక రాయి నిర్దోషి.

ఇక సిమెంటు గుహ సంగతి. ఇక్కడ సున్నం వేరొక వేషంలో వస్తుంది. సున్నపురాయి నెమ్మదైనది, కాల్చిన సున్నం అట్టిది కాదు. సిమెంటు గట్టిపడేటప్పుడు అందులో నుండి నీరుసున్నం వెలువడుతుంది. అది నీటిలో కలిస్తే నీరు ఘాటైన క్షారమవుతుంది. చేపల మొప్పలను, చర్మంమీది జిగురుపొరను దహిస్తుంది. ఇది పూర్వులకు తెలియని విషయం కాదు. 1897లో భారత ప్రభుత్వం చేపల సంరక్షణ కోసం చేసిన చట్టంలో, చేపలను పట్టడానికో చంపడానికో నీటిలో వేయగూడని వస్తువుల వరుసలో విషం తరువాతి మాట సున్నమే. ఆనాడు చెరువులలోనూ వాగులలోనూ చేపలను చంపడానికి సున్నం వాడడం అంత వాడుకగా ఉన్నదన్నమాట. ఆ చట్టం నిషేధించిన పనిని నేను తెలియక నా తొట్టిలో చేశాను.

సిమెంటును బొత్తిగా విడిచిపెట్టనవసరం లేదు. తయారైన గుహను వేరే తొట్టిలో నీట ముంచి, రెండు మూడు రోజులకొకసారి నీరు పారబోస్తూ, నెల నుండి నెలన్నర వరకు నానవేయవలె. క్షారం పోయినదో లేదో చూచుటకు మన వంటింటిలోనే సాధనమున్నది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని ఎరుగని తెలుగు ఇల్లాలు లేదు. తెల్లకాగితాన్ని పసుపునీటిలో ముంచి ఆరనిచ్చి, గుహ నానిన నీటి చుక్కను దానిమీద వేయండి. ఎరుపెక్కితే ఇంకా సున్నమున్నదని అర్థం. వరుసగా కొన్ని రోజులు నిలిచిన నీటిలో కూడా పసుపు పసుపుగానే ఉంటే అప్పుడు చేపలను తలచుకోవచ్చును. నా గుహ నానిన నీటితో ఈ పరీక్ష చేయగా కాగితం పెండ్లికూతురి పాదంలా ఎర్రబడింది. గుహ దోషియే. కాని తొట్టి నిండా నీరుండగా ఒక్క రాత్రిలో ఇంత పని దానివల్లనే జరిగిందా అన్న సందేహం మిగిలిపోయింది.

మరుసటి వేసవిలో మరల అరకువైపు వెళ్లవలసి వచ్చినప్పుడు, ఆ కొమ్మను కాగితంలో చుట్టి వెంట తీసుకుపోయాను. ఒక గ్రామంలో ధ్వనిముద్రణ ముగిసిన తరువాత, రచ్చబండమీద కూర్చున్న ఒక వృద్ధునికి దానిని చూపించి, "తాతా, ఇది ఏ చెట్టు కొమ్మ?" అని అడిగాను. ఆయన బెరడును గోటితో గీకి, వాసన చూచి, నావైపు వింతగా చూశాడు.

"దీన్ని ఎందుకు దాసినావు బాబూ? ఇది గెడ్డలో ఏసే సెక్క. మా తాతలనాడు నీరు తగ్గిన రోజుల్లో దంచి మడుగులో ఏసీవోరు. సేపలు మత్తెక్కి పైకి తేలిపోయేవి."

నా తొట్టిలోని చేపలు పైకి తేలి నోళ్లు తెరచిన దృశ్యం కళ్లముందు నిలిచింది. నేను సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "అడిగి తీసుకెళ్లాల్సింది బాబూ" అని మాత్రం అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఎంతో చరిత్ర ఇమిడి ఉన్నది. తూర్పు కనుమలలోనే కాదు, భారతదేశంలోని అడవి ప్రాంతాలన్నిటా చెట్ల బెరడులూ కాయలూ దంచి వాగులలో వేసి చేపలు పట్టే ఆచారం పూర్వం నుండి ఉన్నది. మంగకాయ, కొడిసె చెట్టు బెరడు, కొన్ని తుమ్మ జాతుల చెక్కలు ఈ పనికి పేరుపడినవి. వీటిలో పెక్కింటి గుణం మనకు సుపరిచితమైన కుంకుడుకాయ గుణమే. నురుగు పుట్టించే పదార్థం నీటిలో కలిసి చేప మొప్పలను దెబ్బతీస్తుంది. మొప్పలు చెడగానే నీటిలో ఎంత ప్రాణవాయువు ఉన్నా చేపకు అందదు. అందుకే అది పైకి వచ్చి గాలి కోసం అలమటిస్తుంది.

మద్రాసు వైద్యశాఖలో పనిచేసి, మన చేపలను గురించి మహాగ్రంథం వ్రాసిన ఫ్రాన్సిస్ డే, 1873లో దేశపు మంచినీటి చేపల స్థితిపై ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. సన్నకన్నుల వలలతో పాటు నీటిని విషపూరితం చేసే ఆచారాన్ని కూడా అందులో చర్చించి, కట్టుదిట్టాలు అవసరమని వాదించాడు. ఇరవైనాలుగేండ్లకు, ఇంతకు ముందు చెప్పిన 1897 నాటి చట్టం వచ్చింది. డైనమైటునూ అదే నిషేధించింది. చట్టం ఉద్దేశం మంచిదే. మత్తుమందు వేసిన మడుగులో పెద్దచేపతో బాటు పిల్లచేపా చస్తుంది. అయితే చట్టం ఆచారాన్ని చూచినది గాని, ఆ ఆచారం వెనుక ఉన్న విద్యను చూడలేదు. ఏ చెట్టు చెక్క చేపను మత్తెక్కిస్తుందో, ఏ కాయ ఎన్నాళ్లు నీటిలో ప్రభావం చూపుతుందో, ఏది వేసిన తరువాత చేప మనిషి తినడానికి పనికివస్తుందో నిర్ణయించడం తరతరాల పరిశీలనవల్ల గాని కలగదు.

ఆ విద్యలో ఒక భాగాన్ని మత్స్యశాఖవారు తరువాత తామే స్వీకరించారు. ఇప్పచెట్టు కొండజనులకు కల్పవృక్షం వంటిది. పువ్వు ఆహారం, గింజ నూనె. నూనె తీసిన తరువాత మిగిలే పిండిని, చెరువులో పెంపకపు చేపపిల్లలను వదలక ముందు, అందులోని కొరమేను వంటి చేపపిల్లలను తినే జాతులను తొలగించడానికి వాడమని శాస్త్రజ్ఞులు చెబుతారు. మీటరు లోతుగల హెక్టారు చెరువుకు 2500 కిలోలు దాని మోతాదు. రెండు మూడు వారాలలో దాని విషం విరిగి, అదే ఎరువుగా మారుతుంది. ఈ లెక్కను ఇంటి తొట్టికి దించి చూడండి. నూరు లీటర్ల తొట్టికి 25 గ్రాములు చాలును. గుప్పెడైనా లేని ఆ పిండి తొట్టినంతటినీ శూన్యం చేయగలదు. కొండల నుండి ఏరి తెచ్చిన తెలియని కొమ్మనో కాయనో నీటిలో వేయడం ఎంత సాహసమో దీనివల్ల తెలుస్తుంది.

నీటి విద్య విషయంలో పండితుడు స్థానికుని అడిగి నేర్చుకున్న సందర్భం కూడా మన విశాఖపట్టణ చరిత్రలోనే ఉన్నది. స్కాట్లండు దేశీయుడైన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781లో భారతదేశానికి వచ్చి, విశాఖలో నివసిస్తూ అక్కడి తీరపు చేపలను సేకరించి, దేశీయ చిత్రకారునిచేత బొమ్మలు వేయించాడు. రెండువందల చేపల వివరణతో ఆయన గ్రంథం 1803లో లండనులో అచ్చయింది. ఆ చేపలకు ఆయన చాలవరకు మన జాలరుల నోట విన్న పేర్లనే ఇచ్చాడు. పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించే చేప ఆ పుస్తకంలో 'తిమిరి' గానే నిలిచింది. రస్సెల్ అడిగి తెలుసుకున్నాడు. నేను అడగకుండా కొమ్మను తెచ్చుకున్నాను. తాత మందలింపులోని భావం ఇదే.

అయితే గెడ్డను తొట్టిలోకి తెచ్చుకోవాలనే కోరిక తప్పా? తప్పు కాదు. గెడ్డలో ఏమున్నదో ముందు సరిగా చూడవలె. డాక్టర్ సుందర్‌లాల్ హోరా అనే మన దేశపు మహాశాస్త్రజ్ఞుడు తన జీవితంలో అధికభాగం కొండవాగుల చేపలను పరిశీలించడానికి వెచ్చించాడు. 1947 నుండి 1955లో మరణించేవరకు ఆయన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతి. వడిగా పారే నీటిలో బ్రతికే ప్రాణుల శరీరాలు ఆ వడికి ఏ విధంగా మలచబడ్డవో ఆయన 1930లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. గర్రా అనే జాతి చేపకు నోటి వెనుక, గడ్డం క్రింద, చక్రం వంటి అంగం ఉంటుంది. దానితో అది బండను కరచుకుని ప్రవాహానికి ఎదురు నిలుస్తుంది. దానికి నున్నని గుండ్రాయి అలంకారం కాదు, ఆధారం. రాళ్ల సందులలో దూరే చేపకు చీకటి సందే ఇల్లు. మనకు అందంగా తోచిన ప్రతి వస్తువుకూ గెడ్డలో ఒక పని ఉన్నది. ఆ పనిని గ్రహించి అమర్చిన తొట్టికి సహజత్వం దానంతటదే వస్తుంది.

గెడ్డ అడుగున ఉన్న రాళ్లు నూరు రకాలుగా ఉండవు. చుట్టుప్రక్కల కొండ ఏ రాతిదో, గులకరాయీ ఇసుకా ఆ రాతివే. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే రాతికి టి. ఎల్. వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1902లో, ఆ కొండలలో నివసించే ఖోండు జాతి పేరుమీద, 'ఖోండలైట్' అని పేరు పెట్టాడు. కోణార్క దేవాలయపు శిల్పాలు మలచినది ఈ రాతిలోనే. ఎర్రని గార్నెట్ పలుకులు పొదిగిన దాని తునక నీటిలో తడిసినప్పుడు ఎంతో అందంగా ఉంటుంది. సున్నపురాయి వలె అది కరగి నీటిని కఠినం చేయదు. అయితే విజయనగరం, విశాఖ మండలాలలో మాంగనీసు ఖనిజాలు కూడా విస్తారంగా ఉన్నవి. లోహపు మెరుపో, తుప్పు మరకో, అసాధారణమైన బరువో ఉన్న రాయిని తొట్టికి దూరంగా ఉంచడం మంచిది.

ఇప్పుడు తయారీ విషయం క్లుప్తంగా చెబుతాను. ఒకే జాతి రాళ్లను పెద్దవి, నడితరం, చిన్నవి చొప్పున ఎన్నుకోండి. బ్రష్షుతో రుద్ది కడిగి, వేడినీరు పోసి ఆరబెట్టండి. రాళ్లను నిప్పుమీద కాల్చరాదు. లోపలి తేమవల్ల అవి పగిలిపోవచ్చును. పెద్దరాయిని ఇసుకమీద కాక, ముందుగా తొట్టి అడుగున నిలిపి, తరువాత ఇసుక పోయండి. లేకుంటే చేపలు క్రింద త్రవ్వినప్పుడు రాయి ఒరిగి గాజును పగులగొట్టవచ్చు. పెద్దరాయి నీడన నడితరం రాళ్లను, వాటి పాదాల వద్ద గులకరాళ్లను చేర్చితే ప్రవాహమే తెచ్చి పేర్చినట్లుంటుంది. రాతి సందులలో చేప దూరి చిక్కుకొనే ఇరుకు గాని, చర్మాన్ని గీసే పదును గాని ఉండరాదు.

గుహకోసం సిమెంటు అక్కర లేదు. కుమ్మరి ఆవంలో బాగా కాలిన మట్టికుండ కంటె మేలైన గుహ లేదు. పగిలిన కుండ పెంకు అంచులను బండమీద అరగదీసి నున్నచేసి, సగం ఇసుకలో పూడ్చితే చాలును. కొన్నాళ్లకు పాచి పట్టి అది రాతిలో కలిసిపోతుంది. రంగులు వేసినవి, మెరుగుపూత పూసినవి వాడకూడదు. ఆ పూతలలో సీసం ఉండవచ్చును. సగం కాలిన కుండ నీటిలో కరగిపోతుంది. శుభ్రం చేసి నీటిలో ఉడకబెట్టిన కొబ్బరి చిప్ప కూడా చిన్నచేపలకు మంచి ఆశ్రయం. రాగి, ఇత్తడి వస్తువులను ఎంత ముచ్చటగా ఉన్నా తొట్టిలో ఉంచకండి. రాగి అంశ చేపలకు హానికరం, నత్తలకు మరింత ప్రమాదకరం; కొండనీటి వంటి మెత్తని నీటిలో దాని తీవ్రత ఇంకా పెరుగుతుంది.

కొమ్మ కావలెనంటే, ఏ చెట్టుదో నిశ్చయంగా ఎరిగి, చేపలకు హాని చేయదని తెలిసినదే తీసుకోండి. అది ఎండి ఏండ్లు గడచి, బెరడు ఊడి, జిగురు వాసన లేనిదై ఉండవలె. దానిని నీటిలో ఉడికించి, వారాలపాటు నీరు మారుస్తూ నానవేయండి. తొలిరోజులలో నీరు కషాయంలాగ గోధుమరంగుకు తిరుగుతుంది, క్రమంగా తేటపడుతుంది. మునిగేవరకు రాతికి నూలుదారంతో కట్టి ఉంచవచ్చు. పచ్చివెదురు త్వరగా కుళ్లి నీటిని పాడుచేస్తుంది. అన్నీ అమర్చిన తరువాత కూడా కొన్ని రోజులు తొట్టిని చేపలు లేకుండానే ఉంచి, ముందుగా ఒక నత్తను వదిలి చూడడం వివేకం. వారింగ్టన్ నత్తలు ఆయన తొట్టిని కాపాడాయి. మన నత్త కొంత హెచ్చరికనైనా ఇస్తుంది.

నా తొట్టిని మరల అమర్చుకున్నాను. అందులో బొర్రా బిలపు నమూనా లేదు, వంకర కొమ్మ లేదు. ఎర్రని పలుకులున్న నాలుగు రాళ్లు, ఒక పగిలిన కుండ పెంకు, కొంత నాచు ఉన్నవి. వచ్చినవారు వెనుకటివలె ఆశ్చర్యపడరు. చేపలు మాత్రం మధ్యాహ్నవేళ కుండ పెంకు నీడలోకి వెళ్లి, సాయంకాలం వెలుపలికి వస్తాయి. వాటి రాకపోకలు చూస్తున్నప్పుడు అనంతగిరి దారిలోని మడుగు గుర్తుకు వస్తుంది. రచ్చబండమీది తాత మాట కూడా గుర్తుకు వస్తుంది. ఈ సారి అరకు వెళ్లినప్పుడు ఆయనకు ఈ సంగతి చెప్పవలెనని ఉన్నది.